బాబాయి కొట్టు సరుకుని నేనే వద్దన్నాను

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, కంపెనీ పేరు, పుట్టిన ఊరు బయటపెట్టొద్దన్నారు. అవి తీసేసి, విషయం చెడకుండా కుదించి ఇస్తున్నాను.

ఆమెకి 33 ఏళ్లు. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివారు. జర్మనీలో హెడ్డాఫీసు ఉన్న ఒక మసాలా దినుసుల కంపెనీకి గుంటూరులో ఆఫీసు ఉంది. ఎనిమిదేళ్లుగా అక్కడ మిర్చి క్వాలిటీ చూస్తున్నారు. భర్త విజయవాడలో లెక్చరర్, రోజూ వెళ్లి వస్తారు. రెండో తరగతి చదివే పాప ఉంది, అత్తగారు వాళ్లతోనే ఉంటారు. నాన్నకి మూడెకరాలు సొంతం, ఇంకో నాలుగు కౌలు. నాన్న తమ్ముడికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. ఆమె చదువుకి నాలుగేళ్లూ ఫీజు కట్టింది ఈ బాబాయే.

ఇక ఆమె మాటల్లోనే:

"మార్చి రెండో వారంలో బాబాయి కొట్టు నుంచి 140 టిక్కీల (మిర్చి బస్తాల) తేజ రకం కాయ వచ్చింది. కాయ బ్రహ్మాండంగా ఉంది. రంగు ఉంది, తాలు లేదు. ల్యాబ్‌లో మాత్రం అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం 18 పీపీబీ (వంద కోట్లలో 18 వంతులు) వచ్చింది. యూరప్ పరిమితి 10. రిజెక్ట్ అని నేనే సంతకం పెట్టాను. ఆ సాయంత్రం బాబాయి ఫోన్ చేసి ఒక్కటే మాట అన్నాడు. 'నా ఫీజుతో చదివి నన్నే ఫెయిల్ చేశావా అమ్మా' అని. ఆ తర్వాత పెదనాన్న కూతురి పెళ్లిలో నేను పక్కన కూర్చోగానే పిన్ని బంతిలోంచి లేచి వెళ్లిపోయింది. నాన్న నన్ను ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఆ సరుకు ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉంది."

ఇది జరిగిన నెలకి హెడ్డాఫీసు కొత్త పద్ధతి పంపింది. వచ్చే సీజన్ నుంచి ముందుగా నమోదైన రైతుల దగ్గరే కొనాలి. ఒక్కొక్కరికీ పేరు, సర్వే నంబరు, ఏ తేదీన ఏ మందు కొట్టారో రాసిన డైరీ, పొలంలో పిల్లలతో పని చేయించలేదన్న పత్రం ఉండాలి. కమీషన్ ఏజెంట్ల ద్వారా కొనేది సగానికి తగ్గించాలి. ఏ ఏజెంటుని ఉంచాలో, ఎవరిని తీసెయ్యాలో లిస్టు జూన్ నెలాఖరులోగా ఈమే ఇవ్వాలి. అదే వారంలో అదే హెడ్డాఫీసులోని కొనుగోలు విభాగం నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. వచ్చే ఏడాది కిలో ధర తగ్గించి చూపించమని.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒకే దేశం మీద ఆధారపడకూడదని కంపెనీ వియత్నాంలో ఆఫీసు పెంచుతోంది. రెండేళ్ల పాటు అక్కడికి వెళ్తారా అని ఈమెని అడిగారు. వెళ్లకపోతే గుంటూరు టీమ్ ఎంతమందితో మిగులుతుందో చెప్పలేమన్నారు.

ఉత్తరం చివర, సంతకం కింద, రెండు లైన్లు ఉన్నాయి. "అతను మా బాబాయి అని కంపెనీకి ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్ల క్రితం సీజన్ మంచి రద్దీలో ల్యాబ్ ఖాళీ లేనప్పుడు, బాబాయి లాటు ఒకటి పైపైన చూసి పాస్ చేశాను. ఏమీ కాలేదు. కానీ నిద్ర పట్టదు."

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చివర నుంచి మొదలుపెడతాను. నాలుగు పేజీల్లో బాబాయి కోపం గురించీ, హెడ్డాఫీసు గురించీ, వియత్నాం గురించీ రాశారు. నిద్ర పట్టదు అన్న మాట మాత్రం ఆ రెండు లైన్ల దగ్గరే రాశారు. మిగతావాటిలో మీరు నష్టపోయారు, నలిగిపోయారు. ఇందులో మాత్రం తప్పు మీది. చిన్నదే, కానీ మీది. ఇది తేలకుండా లిస్టు రాయడానికి కూర్చుంటే ఏం రాసినా మీకు చెయ్యి వణుకుతుంది. బాబాయి పేరు ఉంచితే పక్షపాతం అనిపిస్తుంది. తీసేస్తే, పక్షపాతం లేదని చూపించుకోవడానికి తీసేశానేమో అనిపిస్తుంది.

మీ ముందున్న దారులు ఇవి. ఒకటి, చెప్పకుండా ఊరుకోవడం. ఎనిమిదేళ్లు గడిచింది, ఇంకా గడవచ్చు. కానీ ఇప్పుడు అడుగుతున్నది పేర్ల లిస్టు. మీ సర్టిఫికెట్ల మీద ఇంటిపేరు, బాబాయి కొట్టు బోర్డు మీద ఇంటిపేరు ఒకటే కదా. యార్డులో తీసివేతకి గురైన ఏజెంటు ఎవరైనా ఒక్క ఫిర్యాదు పంపితే చాలు. బహుళజాతి కంపెనీలన్నిటికీ దాదాపుగా ఇలాంటి ఫిర్యాదులకని ఒక మెయిలో, ఫోన్ నంబరో ఉంటుంది. ఆ రోజు విచారణ చేసేది గుంటూరు ఎరగని మనిషి. బాబాయి అంటే ఏమిటో అతనికి తెలీదు. అతని ఫారంలో 'దగ్గరి బంధువు, దాచారు' అని రెండు మాటలే పడతాయి. మీరు మార్చిలో అదే బాబాయి సరుకుని తిప్పి పంపిన సంగతి అప్పుడు మీకు అక్కరకు రాకపోవచ్చు.

రెండోది, బంధుత్వం మాత్రమే చెప్పి ఆ పాత లాటు సంగతి చెప్పకపోవడం. ఎక్కువమంది ఇదే చేస్తారు, తప్పు పట్టను. "ఫలానా కొట్టు మా బాబాయిది, ఈ లిస్టులో ఆ కొట్టు గురించిన నిర్ణయం, ఇకమీద ఆ కొట్టు సరుకు పరీక్షా వేరే వాళ్లకి అప్పగించండి" అని మెయిల్ రాస్తే సరిపోతుంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. చెప్పాలని తెలీలేదు అనకండి, చేరిన రోజే ఆ నిబంధన కాగితం మీద మీరు సంతకం పెట్టి ఉంటారు. ముందుగా చెప్పాల్సింది, చెప్పలేదు అనండి. ఒక హెచ్చరిక రావచ్చు. ఆ కొట్టు ఫైలు చేతులు మారుతుంది.

మూడోది, రెండూ చెప్పడం. ఇందులో రిస్కు ఉంది, లేదని అబద్ధం చెప్పను. కొనుగోలు పని నుంచి తప్పించవచ్చు. మీ మేనేజరు బిగుసుకుపోయే మనిషైతే ఉద్యోగం దాకా రావచ్చు. అయితే మీ చేతిలో ఒక సంగతి ఉంది. అప్పుడు ఆ లాటుతో ఏమీ జరగలేదు. ఈ మార్చిలో అదే కొట్టు సరుకుని మీరే ఆపారు. నన్నడిగితే, మెయిల్‌కి ముందు గుంటూరు ఆఫీసు పెద్దని విడిగా కలిసి నోటితో చెబుతాను, ఆయన ముఖం చూసి రెండోదా మూడోదా తేల్చుకుంటాను. ఏది చేసినా లిస్టు ఇవ్వకముందే చెయ్యాలి. ఇచ్చాక చెబితే ఆ లిస్టంతా అనుమానంలో పడుతుంది, అందులో ఉన్న మిగతా రైతులు కూడా.

ఇక మీ బాబాయి ఫెయిల్ అయ్యాడా? ఆ మాట మీ మనసులో ముల్లులా దిగింది. తీసి చూద్దాం.

10 పీపీబీ అంటే వెయ్యి టన్నుల మిరపకాయల్లో పది గ్రాములు. అంత కొంచెం బూజు విషం కోసం 140 టిక్కీలు ఆపారంటే, కళ్లంలో కాయ ఆరబోసిన మనిషికి ఎలా ఎక్కుతుంది? పైగా మన దేశపు పరిమితి అంత బిగువు కాదు కాబట్టి అదే సరుకు ఇక్కడ కొనేవాడు దొరుకుతాడు. "మనం తిని బతకట్లేదా" అన్న మాట మీ ఇంట్లో వచ్చే ఉంటుంది.

దీనికి నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఇరవై రెండేళ్లు నేనూ మిర్చి ఎగుమతి చేసే ఆఫీసులోనే పనిచేశాను, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఒకసారి యూరప్ పోర్టు నుంచి ఒక కంటైనర్ వెనక్కి వచ్చింది, ఇదే అఫ్లాటాక్సిన్. మీటింగులో అందరి వేళ్లూ కొత్తగా చేరిన క్వాలిటీ కుర్రాడి వైపు తిరిగాయి. అసలు సంగతి గదిలో సగం మందికి తెలుసు. టిక్కీ తొక్కేటప్పుడు కాయ విరక్కుండా నీళ్లు చల్లుతారు. ఆ వారం ముసురు. చల్లిన తడి ఆరలేదు. అలాగే కుట్టి, అలాగే లారీ ఎక్కించారు. ముఠా మేస్త్రికి తెలుసు, గుమాస్తాకి తెలుసు, నాకూ తెలుసు. ఒక్కరం కూడా కాగితం మీద రాయలేదు. ఆ కుర్రాడు మరుసటి నెల మానేసి వెళ్లిపోయాడు. ఇప్పటికీ బందరు రోడ్డులో ఎక్కడైనా కనిపిస్తాడేమోనని నాకు భయం.

మీ బాబాయి సరుకులో కూడా అదే జరిగి ఉంటుందని నేననను. మంచు పడే రాత్రి కళ్లం మీద బరకం కప్పకపోయినా చాలు. కానీ మీరు సంతకం పెట్టింది మనిషి మీద కాదు, తడి మీద. ఈ మాట బాబాయికి అర్థమయ్యేలా చెప్పే దారి ఒకటుంది, చివర్లో చెబుతాను.

కంపెనీ ఎందుకింత పట్టు పడుతుందో కూడా మీరు నాకంటే బాగా ఎరుగుదురు, కానీ కోపంలో మరిచిపోయినట్టున్నారు. 2003లో ఫ్రాన్స్‌లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్-1 అనే రంగు పట్టుబడింది. మైనానికీ బూటు పాలిష్‌కీ వేసే రంగు అది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వాడిన కారంలో అదే రంగు బయటపడితే, ఆ సాస్ కలిసిన పిజ్జాలు, సూపులు, రెడీమేడ్ భోజనాలు 350కి పైగా రకాలు షాపుల్లోంచి తీసేశారు. కారం చిటికెడు, నష్టం కొండంత. అప్పటినుంచి ఈ వ్యాపారంలో పెద్ద కంపెనీలన్నీ ఒకే భయంతో నడుస్తున్నాయి. సరుకు ఎక్కడిదో చూపించలేకపోతే మునిగిపోతాం అని. తర్వాత మందుల అవశేషాల గొడవ. క్లోరిపైరిఫాస్‌ని యూరప్ 2020లో వద్దంది, పరిమితిని కిలోకి 0.01 మిల్లీగ్రాముకి దించింది. మన దగ్గర మందుల కొట్టుకి వెళ్తే ఆ డబ్బా ఎదురుగానే కనిపిస్తుంది. 2021లో నల్ల తామరపురుగు తోటల్ని ఊడ్చేసినప్పుడు, రైతు చేతికి ఏది దొరికితే అది కొట్టాడు. చెట్టు బతికితే చాలనుకున్న మనిషిని డైరీ రాశావా అని అడిగితే ఏం చెబుతాడు?

దీనికి తోడు 2023 జనవరి 1 నుంచి జర్మనీలో సరఫరాల చట్టం ఒకటి అమల్లోకి వచ్చింది. మొదట 3000 మంది ఉద్యోగులు దాటిన కంపెనీలకి, 2024 నుంచి 1000 మంది దాటినవాటికి. తమకి సరుకు వచ్చే చోట బాలకార్మికులు, వెట్టిచాకిరీ లాంటివి లేకుండా చూసుకునే బాధ్యత కంపెనీదే అన్నది దాని సారం. యూరప్ మొత్తానికి అలాంటిదే 2024లో చేసి, మళ్లీ గడువులు వెనక్కి జరిపారు. కాబట్టి మీకు వచ్చిన ఆ ఫారం మీ మేనేజరు చాదస్తం కాదు. సాయంత్రం ఆరున్నరకి, పాప హోంవర్కు ముందేసుకుని కూర్చున్న టైములో, మీకు వీడియో కాల్ చేసే ఆ జర్మనీ మనిషి మీద కూడా పైనుంచి ఎవరో కూర్చుని ఉన్నారు.

అయితే కంపెనీ భయం న్యాయమైనది కాబట్టి దాని ఫారం కూడా సరైనదే అని అర్థం కాదు. మీ ఉత్తరంలో నాకు నచ్చనిది ఒకటే. ఫారానికీ ఊరికీ పొంతన లేకపోవడాన్ని మీరు మీ చేతకానితనం అనుకుంటున్నారు. అది కంపెనీ సమస్య. ఖండాలు దాటి వ్యాపారం చేసే ప్రతి కంపెనీకీ ఉన్న అసలు సమస్యే ఇది. అక్కడ రాసిన నియమం ఇక్కడి నేల మీద నిలవదు. ఆ సంగతి కంపెనీకి చెప్పగలిగిన మనిషి మీరొక్కరే. మరి ఇంతవరకూ రాతపూర్వకంగా చెప్పారా? చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

సర్వే నంబరు సంగతే చూడండి. మీ నాన్నగారే నాలుగెకరాలు కౌలు చేస్తున్నారు. ఆ నాలుగెకరాల సర్వే నంబరు ఎవరి పేరు మీద ఉంది? పొలం ఆసామి పేరు మీద. ఆసామి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. 2019లో మన రాష్ట్రం సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది, 11 నెలలకి కార్డు ఇస్తారు. దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని చాలామంది పెట్టరు. ఇప్పుడు మీ కంపెనీ ఫారం ప్రకారం లిస్టు రాస్తే ఏమవుతుందంటే, మిరపతోట వేసి, మందు కొట్టి, అప్పు చేసిన రైతు బయటికి పోతాడు. తోట వైపు తొంగి చూడని ఆసామి పేరు లోపలికి వస్తుంది. కాగితం శుభ్రంగా ఉంటుంది, కానీ అబద్ధం. కంపెనీకి కావాల్సింది ఇదేనా? కాదు. ఇదే మాట ఇలాగే రాయండి. పట్టాదారు పేరు బదులు, సాగుచేసే మనిషి పేరూ, ఫోన్‌లో తీసిన పొలం లొకేషనూ, ఊళ్లో ఇద్దరి సాక్షి సంతకాలూ సరిపోతాయా అని అడగండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అడిగాం అన్న కాగితం మాత్రం మిగులుతుంది.

పిల్లల పత్రం ఇంకా చిక్కు. కాయ కోతకి ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలుగా వస్తాయి, వాళ్లు సుగ్గి అంటారు దాన్ని. ఊరు ఊరంతా తాళాలు వేసుకుని వస్తే పిల్లల్ని ఎవరి దగ్గర వదులుతారు? గట్టు మీద చెట్టుకి చీర ఉయ్యాల, పక్కన తమ్ముణ్ని ఆడించే ఎనిమిదేళ్ల పిల్ల. ఆ పిల్ల మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని నాలుగు కాయలు కోస్తే పత్రం అబద్ధం అయిపోతుంది. రైతు మాత్రం కళ్లు మూసుకుని సంతకం పెడతాడు. అతని సంతకాలు పట్టుకొచ్చి ఫైల్లో పెట్టడం సులువు. కోత రెండు మూడు నెలలు ఆ ఊళ్లో పిల్లలు కూర్చోవడానికి ఒక గది, ఒక ఆయా, మధ్యాహ్నం అన్నం, వీటికి కంపెనీ డబ్బు పెడుతుందా అని అడగడం కష్టం. కానీ మొదటిదాంతో రేపు ఎవరైనా ఫోటో తీస్తే మీ సంతకం కూడా పక్కనే ఉంటుంది. రెండోదానికి కంపెనీ కాదంటే, ఆ పత్రం మీద సంతకాలు సేకరించే పని నేను చెయ్యలేను అని చెప్పే హక్కు మీకుంది.

కమీషన్ ఏజెంట్లని సగానికి తగ్గించమన్నారు. మధ్యవర్తి అంటే దోపిడీ అనే లెక్క హెడ్డాఫీసుల్లో ఉంటుంది, కొంత నిజం కూడా. కానీ నాటు వేసేటప్పుడు పెట్టుబడి ఎవరిస్తున్నారు? విత్తనానికీ మందులకీ కూలీలకీ, ఆడపిల్ల పెళ్లికి కూడా రైతు మీ బాబాయి లాంటి కొట్టు మెట్లే ఎక్కుతాడు. ఆ బాకీకే కదా కాయ ఆ కొట్టుకి వస్తుంది. కంపెనీ ఏజెంటుని తీసేసి రైతుకి అప్పు ఇవ్వకపోతే, రైతు నమోదు మీ దగ్గర చేయించుకుని సరుకు మాత్రం బాకీ ఉన్న కొట్టుకే తోలతాడు. అక్కడ చైనాకి పంపే వ్యాపారి నిలబడి ఉంటాడు. డైరీలు, డిక్లరేషన్లు అతనికి అక్కర్లేదు, రేటొకటే మాట్లాడతాడు. మీ కంపెనీ పోటీ పడాల్సింది అతనితో. ఈ లెక్కలో ధర తగ్గించమన్న ఆ రెండో మెయిల్‌ని పెట్టి చూడండి. ఒకే బిల్డింగులో రెండంతస్తుల వాళ్లు ఒకరి మెయిల్ ఒకరు చదువుకోలేదని తేలిపోతుంది.

మీరు చెయ్యగలిగిన అతి మంచి పని నాకు ఇందులోనే కనిపిస్తోంది. ఆ రెండు మెయిళ్లనీ ఒకే జవాబులో కలపండి. డైరీ రాయించడానికి ఊరికొక మనిషి జీతం, టెస్టుల ఖర్చు, రైతుకి కిలోకి అదనంగా ఎంతిస్తే పక్క కొట్టుకి పోడో, అన్నీ లెక్కగట్టి, ఇద్దరికీ కలిపి పంపండి. కోపం వద్దు, లెక్క చాలు. ఇష్టపడతారా? ఒకరికి నచ్చదు. "ఈవిడ ఎప్పుడూ కుదరదనే అంటుంది" అనే పేరు వచ్చినా రావచ్చు. అందుకే కుదరదు అని రాయకండి. ఇలా అయితే ఇంతవుతుంది, అలా అయితే ఈ నష్టం అని రాయండి. మొదటి ఏడాది మూడు ఊళ్లలోనే చేద్దాం, ఆ ఊళ్లలో బాకీ లేని రైతుల్నే తీసుకుందాం అని ఒక చిన్న మెట్టు చూపిస్తే కంపెనీలు వింటాయి. పెద్ద కంపెనీకి పెద్ద మార్పు అంటే భయం, పైలట్ ప్రాజెక్టు అంటే ప్రేమ.

వియత్నాం గురించి. వెళ్లమనీ వద్దనీ నేను చెప్పను, కానీ మీరు దాన్ని ఎందుకు ఆలోచిస్తున్నారో ఒకసారి చూసుకోండి. "ఇక్కడి నుంచి వెళ్లిపోతే ఈ లిస్టు నేను రాయక్కర్లేదు" అని ఒక వాక్యం రాశారు. లిస్టు తప్పించుకోవడానికి దేశం దాటితే అది చాలా ఖరీదైన టికెట్టు. లిస్టు ఎవరో ఒకరు రాస్తారు. మీరు కాకపోతే చెన్నై నుంచో ముంబై నుంచో వచ్చిన మనిషి, కౌలు అంటే ఏమిటో తెలియకుండా రాస్తాడు.

అదే ఉద్యోగంగా చూస్తే మాత్రం మంచి అవకాశమే. కంపెనీలు ఒక్క దేశాన్ని నమ్ముకోవడం మానేశాయి. 2020లో కరోనా, 2021 మార్చిలో సూయెజ్ కాలువలో ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసుకుపోవడం, 2023 చివర్నుంచి ఎర్ర సముద్రంలో దాడులకి భయపడి ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లడం, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం దాకా సుంకం వేయడం. ఒకదాని తర్వాత ఒకటి ఇన్ని చూశాక గుడ్లన్నీ ఒకే బుట్టలో ఎవరు పెడతారు? మిరియాల్లో ఎలాగూ వియత్నాందే పైచేయి. కాబట్టి ఆ ఆఫీసు పెరుగుతుంది, గుంటూరు ఆఫీసు కొంత తగ్గినా తగ్గవచ్చు. కానీ తేజ ఘాటు కావాలంటే మళ్లీ మన మిర్చి యార్డు దగ్గరికే రావాలి.

కంపెనీ ఉంటుందా, పోతుందా అన్న టెన్షన్ మీ తరానికే కొత్త. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టుబాకో పెట్టిన విదేశీ కంపెనీ పొగాకు కోసం మన జిల్లాకి వచ్చింది. ఐఎల్‌టీడీ అంటే దాని ఆకు కొనుగోలు కంపెనీ, మా తాతల కాలానికి ప్రతి ఊళ్లో తెలిసిన పేరు, దాని కోసమే ఆకు ఆరబెట్టే బ్యారన్లు కట్టారు, దాని గ్రేడర్ ముఖం చూసి పెళ్లిళ్లు కుదుర్చుకున్నారు. 1973 నాటి ఫెరా (విదేశీ మారక ద్రవ్య నియంత్రణ) చట్టం విదేశీ వాటా 40 శాతానికి దించుకోమంటే, కొందరు దించుకుని పేర్లు మార్చుకుని ఉండిపోయారు. కోకా కోలా 1977లో దుకాణం కట్టేసి, 1993లో మళ్లీ వచ్చింది. ఉండటం, పోవడం, రావడం అన్నీ వాళ్ల లెక్క పుస్తకాల్లో తేలేవి. మీరు గుంటూరులో ఉన్నంత మాత్రాన వాళ్లు ఉండిపోరు.

వెళ్లాలనుకుంటే మాత్రం ఊ అనే ముందు రాతలో తీసుకోవాల్సినవి ఉన్నాయి. డెప్యుటేషన్ మీద పంపుతున్నారా, లేక ఇక్కడ రాజీనామా చేయించి అక్కడి కంపెనీలో చేరుస్తారా? రెండో రకమైతే ఎనిమిదేళ్ల సర్వీసు తెగుతుంది. రెండేళ్ల తర్వాత ఏ హోదాలో, ఏ ఊళ్లో తిరిగి తీసుకుంటారు? గుంటూరులో పోస్టు లేకపోతే ఏం చేస్తారు? పాప స్కూలు ఫీజు ఎవరిది? మీ ఆయన వస్తే ఉద్యోగం వదులుకోవాలి, రాకపోతే రెండేళ్లు విడిగా ఉండాలి. పాపని తాను చూసుకుంటానని అత్తగారు అన్నారని రాశారు. మంచి మనసు, కానీ ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి కూడా మీరే రాశారు. మీ ఆయన ఏమన్నారో మాత్రం నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. అడిగారా?

కంపెనీ వదిలేసి ఇక్కడే ఏదైనా ఎగుమతిదారు దగ్గరో, రైతుల ఉత్పత్తిదారుల సంఘంలోనో చేరొచ్చు. జీతం తగ్గుతుంది, సాయంత్రం కాల్స్ పోతాయి. కానీ ఆ 10 పీపీబీ అక్కడికీ వస్తుంది. కొనేవాడు మారడు కదా.

ఇక బాబాయి. యార్డుకి వెళ్లకండి, గుమాస్తాల ముందు ఆయన మెత్తబడలేడు. పెళ్లిళ్లలో ప్రయత్నించకండి. యార్డుకి వేసవి సెలవులు ఉన్నాయి కదా, ఒక పొద్దున నాన్నని తీసుకుని ఇంటికి వెళ్లండి. పిన్నిని కాఫీ అడిగి మరీ తాగండి. క్షమించమని మాత్రం అనకండి, క్షమాపణ చెబితే తప్పు చేశారని అర్థం. "బాబాయ్, ఫీజు కట్టింది నువ్వే, అది నేను చచ్చేదాకా మరిచిపోను. ఆ రోజు సరుకు పాస్ చేసి ఉంటే హాంబర్గ్‌లో పట్టుకునేవాళ్లు. అప్పుడు నీ కొట్టు పేరు మా కంపెనీలోనే కాదు, అందరి దగ్గరా పోయేది" అనండి. లిస్టులో తన పేరు గురించి అడుగుతాడు. దాని మీద నిర్ణయం నా చేతిలో లేకుండా చేసుకున్నాను అని నిజం చెప్పండి. కోపం వస్తుంది. నువ్వుండి కూడా నాకేం లాభం అంటాడు. ఆ మాట పడాల్సిందే. పిన్ని కోపం ఎక్కువ కాలం ఉంటుందనుకుంటున్నాను. ఆడవాళ్లం కాబట్టి అనట్లేదు సుమా, బంతిలోంచి లేచిన మనిషికి మళ్లీ కూర్చోవడం కష్టం.

బాబాయికి అర్థమయ్యేలా చెప్పే దారి ఒకటి చివర్లో చెబుతానన్నాను కదా, అది కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకుతోనే. మీ ల్యాబ్ మాట ఆయన నమ్మడు. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది, అక్కడో గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబ్‌లోనో ఆయన చేతే పరీక్ష చేయించండి. ఒక జాగ్రత్త. ఈ విషం సరుకంతా సమానంగా ఉండదు, ఏ మూల తడి తగిలిందో అక్కడే గుత్తిగా ఉంటుంది. ఆయన పైన కనిపించే రెండు టిక్కీల్లోంచి దోసెడు కాయ తీసుకెళ్తే ఆరు పీపీబీయే రావచ్చు, అప్పుడు మీరిద్దరూ ఇక జన్మలో మాట్లాడుకోరు. అందుకని 140 టిక్కీల్లో కనీసం ముప్పై నలభైటిని, పైవీ కిందవీ లోపలివీ, ఆయన ఎదురుగా విప్పించండి. ప్రతిదాంట్లోంచీ మచ్చు తీయించండి. అంతా కలిపి పొడి కొట్టించి రెండు భాగాలు చేసి, ఒకటి సీలు వేసి ఆయన దగ్గరే ఉంచండి. ఫీజు మీరు కట్టండి, రసీదు మాత్రం బాబాయి పేరు మీద రాయించండి.